చిక్కడపల్లి గోడల్లోని గ్రానైటు

కాలేజీలో నన్ను రాళ్ల మేడం అనేవాళ్లు. ఆ పేరు మొదట పెట్టింది ఎవరో నాకు తెలుసు. కామర్స్ లెక్చరరు. స్టాఫ్ రూములో నేను టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే, "జర చూసి నమలండి మేడం, అలవాటు కొద్దీ డబ్బాలో రాళ్లు వేసుకొచ్చారేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఒకావిడ కూతురి సైన్సు ప్రాజెక్టుకు అంతకు ముందు వారమే నేను రాళ్ల ముక్కలు ఏరి, కడిగి, పేర్లు అంటించి, చెప్పుల డబ్బాలో సర్ది ఇచ్చాను. ఆ పిల్లకు బహుమతి కూడా వచ్చింది. ఆవిడ నవ్వడం నేను చూశాను. నేను చూసిన సంగతి ఆవిడ కూడా చూసింది. అయినా నవ్వు ఆపలేదు.

మాది నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను జియాలజీ చెప్పేదాన్ని. 2009 నాటికి మా సబ్జెక్టు తీసుకునే పిల్లలు బాగా తగ్గిపోయారు. ఇంటరు పాసైన ప్రతివాడూ ఇంజినీరింగుకు పోతున్నాడు, పోలేనివాడు డిగ్రీలో కంప్యూటర్లు అడుగుతున్నాడు. ఆ ఏడాది వేసవి సెలవుల్లో నాకు ఒక్క మాట చెప్పకుండా నా ల్యాబును కంప్యూటర్ల వాళ్లకిచ్చారు. సెలవులయ్యాక వచ్చి చూస్తే నా రాళ్ల బీరువాలు రెండూ మెట్ల కింద, బాత్రూము పక్కన ఉన్నాయి. మోసేటప్పుడు అరలు బయటికి లాగి, రాళ్లన్నీ గోనె సంచుల్లో పోసి, మళ్లీ చేతికొచ్చినట్లు సర్దారు. నున్నగా ఉన్నవన్నీ ఒక అరలో, గరుకుగా ఉన్నవన్నీ ఒక అరలో. పేర్ల చీటీలు ఊడిపోయాయి. ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "రాళ్లే కదండీ, ఏమవుతాయి? పగలవు, కుళ్లవు" అన్నాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. మెత్తగా చెప్పిన మాటకు గట్టిగా జవాబివ్వడం మా ఇంట్లో నాకు నేర్పలేదు. తరువాత నేనే నేర్చుకున్నాను.

జియాలజీ పిల్లలకు ఏడాదికోసారి ఫీల్డ్ ట్రిప్పు ఉండాలి. బండరాయిని దాని చోటులో చూడనివాడికి పుస్తకంలో ఎంత చదివినా అది రంగు బొమ్మే. ఆ రోజుల్లో బందులు, రాస్తారోకోలు. బస్సు మాట్లాడుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. బందు లేని వారాల్లోనూ ప్రిన్సిపాల్ గారు, "వచ్చే ఏడాది చూద్దామండీ" అనేవాడు. వచ్చే ఏడాదికి ఆ పిల్లలు ఉండరని ఆయనకు తెలుసు.

అందుకని 2010లో నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. బస్సు అక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. శనివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకొని కాలేజీ గేటు దగ్గర బయలుదేరి, చిక్కడపల్లి సందుల్లోంచి నడుచుకుంటూ అశోక్ నగర్ దాకా పోయేవాళ్లం. మా ఇల్లు అశోక్ నగర్‌లోనే, కోచింగ్ పిల్లల హాస్టళ్ల మధ్య. దారిపొడుగునా గోడలు చూసేవాళ్లం. పాత ఇళ్ల కాంపౌండు గోడలు, పునాదులు, గడప ముందు మెట్లు, అన్నీ చెక్కిన గ్రానైటు. ఆ ఇళ్లు కట్టినప్పుడు రాయి ఇక్కడిదే. ఎక్కడినుంచో తేవాల్సిన పని లేదు, ఊరే బండ మీద ఉంది.

గ్రానైటు గురించి నేను పిల్లలకు చెప్పే తీరు ఇది. భూమి లోపల కరిగిన పదార్థం పైకి తోసుకొస్తూ, దారి దొరకక లోతులోనే ఆగిపోతే, చల్లారడానికి లక్షల ఏళ్లు పడుతుంది. పైనున్న నేలంతా దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి వేడి తొందరగా పోదు. చల్లారడం ఎంత నెమ్మదైతే స్ఫటికాలు అంత పెద్దవవుతాయి. అందుకే గ్రానైటులో గింజలు కంటికి విడివిడిగా కనిపిస్తాయి. గులాబీ రంగుదో తెల్లదో అయితే ఫెల్‌స్పార్, నల్లగా తళుక్కుమనేది కాకిబంగారం, గాజు పెంకులా ఉండేది క్వార్ట్జ్. అదే పదార్థం పైకి పొంగి గాలి తగిలితే లావా. గబగబా చల్లారిపోతుంది కాబట్టి గింజ కట్టడానికి వ్యవధి ఉండదు. అలాంటిదే బసాల్టు, వికారాబాద్ దాటి పడమటికి పోతే అదే నేలంతా. ఇక పాత బండ పగుళ్లలోకి దూరి, మరీ నెమ్మదిగానూ కాక మరీ వేగంగానూ కాక చల్లారింది డోలరైటు. వంటింటి గట్టుకు బ్లాక్ గ్రానైట్ అని చెప్పి అమ్మేది చాలాసార్లు ఈ నల్లరాయే. అగ్నిశిలల పాఠం మొత్తం ఇంతే: ఎక్కడ చల్లారింది, ఎంతసేపు చల్లారింది.

ఇంకో సంగతి కూడా చెప్పేదాన్ని. గ్రానైటులో ఖనిజాలన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు నల్లవి, తరువాత ఫెల్‌స్పార్, చాలావరకు ఆఖరున క్వార్ట్జ్. ముందొచ్చినవి తమకు నచ్చిన ఆకారంలో పెరుగుతాయి. ఆఖరున వచ్చినదానికి సొంత ఆకారం ఉండదు, మిగిలిన సందుల్లో ఎలా పడితే అలా సర్దుకోవాల్సిందే. అయితే అది సందులన్నీ నింపబట్టే గింజలన్నీ ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి. రాయి అంత బరువు మోసేది అందుకే. ఈ మాట నేను స్టాఫ్ రూములో కూడా ఒకసారి చెప్పాను. ఎవరూ వినలేదు.

అలా ఒక శనివారం మా వెంట ఉన్న పిల్లల్లో ఒకమ్మాయి మిగతావాళ్లకంటే చురుకైనది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక పాత ఇంటి గోడ దగ్గర ఆగి, లెన్సు కంటికి పెట్టుకొని, "మేడం, ఈ నల్ల ముక్క ఏంది? చుట్టూ ఉన్నదానికి దీనికి సంబంధమే లేదు" అంది. గోడ నిండా అరచేతి అంత, బొటనవేలంత నల్లటి ముక్కలు ఉన్నాయి. వేడి పదార్థం పైకి వస్తూ దారిలో ఉన్న పాత బండను విరగ్గొట్టి తనలో కలుపుకొంటుంది. కలిపిన ముక్క ఒక్కోసారి పూర్తిగా కరగదు. బయటి రాయి లోపల బయటిదిగానే మిగిలిపోతుంది. అంత స్పష్టంగా అవి క్వారీల్లో కూడా దొరకవు. నేను జేబులోంచి సుద్ద తీసి, ఒక్కోదాని చుట్టూ గుండ్రంగా గీశాను. పిల్లలు టేపుతో కొలుస్తూ ఒకరికొకరు అంకెలు అరిచి చెప్పుకుంటున్నారు. సుత్తి నా భుజాన సంచిలో ఉంది, పిడి బయటికి కనిపిస్తోంది.

ఆ ఏడాది ఆ రోడ్డు మీద టేపు పట్టుకొని గోడ కొలవడమంటే ఏమిటో నేను ఆలోచించలేదు. మెట్రో రైలు అటే పోతుందని, రోడ్డుకు ఇరువైపులా ఇళ్లు పోతాయని ఊరంతా మాట. సుల్తాన్ బజార్‌లో దుకాణాల వాళ్లు షట్టర్లు దించి ధర్నాలు చేస్తున్నారు. చిక్కడపల్లిలో ఎవరైనా రోడ్డు మీద నిలబడి ఇంటివైపు చూస్తేనే లోపలివాళ్లకు నిద్ర పట్టని రోజులు.

గేటు తీసుకొని ఆ ఇంటావిడ వచ్చింది. చేతిలో చీపురుంది. గోడ చూసింది, సున్నాలు చూసింది.

"ఎవరు పంపిండ్రు మిమ్మల్ని?"

"మేం కాలేజీ నుంచి వచ్చినమమ్మా. రాయి చూస్తున్నం."

"రాయి చూసేటందుకు టేపెందుకు? నాకు తెల్వదనుకున్నవా? మా మామ కట్టించిన గోడ ఇది. నీ అయ్య కట్టించిండా, సున్నాలు పెడ్తున్నవ్?"

"సున్నా పెట్టిందాన్ని కూలగొట్టరమ్మా. అది లోపలి ముక్క..."

"లోపలి ముక్క కూడ కావాల్నా మీకు? ఇంటి లోపలికి గూడ వస్తరా?"

మా పిల్లల్లో ఒకడు నవ్వాడు. అంతే, ఆవిడ చీపురు గోడకేసి బరబరా రుద్దడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు వచ్చారు, ఎదురింటివాళ్లు వచ్చారు. మేడ మీదినుంచి ఒకాయన "వాళ్ల ఫోటోలు తీయున్రి, ఫోటోలు తీయున్రి" అని అరుస్తున్నాడు. నా కాలేజీ ఐడెంటిటీ కార్డు చూపిస్తే, "దొంగ కార్డులు వంద దొరుకుతయి కోఠిల" అన్నారు. చివరికి ఆ ఇంటి యజమాని బయటికి వచ్చాడు. నన్ను చూడగానే ఆయన మొహం మారింది. నా మొహమూ మారింది. ఆయన మా కాలేజీ కమిటీలో మెంబరు. యాన్యువల్ డే నాడు మొదటి వరసలో కూర్చొని మెడలో దండ వేయించుకుంటాడు. "ఈమె మన రాళ్ల మేడమే" అని భార్యతో అన్నాడు. గుర్తుపట్టినందుకు నేను సంతోషించాలేమో. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. "పిల్లల్ని తీసుకొని పొండి మేడం, పబ్లిక్ పరేషాన్ల ఉన్నరు" అని గేటు వేసుకున్నాడు.

సోమవారం ప్రిన్సిపాల్ గారు పిలిచాడు.

"ఏంటండీ మేడమ్ ఇది. వీధుల్లో గోడల మీద గీతలేంటి?"

"ఫీల్డ్ వర్క్ సార్. మీరు బస్సు ఇవ్వలేదు."

"బస్సు ఇవ్వకపోతే వేరేవాళ్ల ఇళ్ల మీద పడతారా? ఆయన ఎంత బాధపడ్డారో తెలుసా?"

"నాకు కూడా బాధ కలిగింది సార్. ఆవిడ నా అయ్య పేరెత్తింది."

ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు. వచ్చే ఏడాది ప్రాస్పెక్టస్‌లో జియాలజీ ఉండాలా వద్దా అన్నది కమిటీ ముందుంది. పిల్లలు తక్కువైనా నడుపుదామనే వాళ్లు కొందరు, ఎత్తేద్దామనే వాళ్లు కొందరు. అటూ ఇటూ సమానంగా ఉంది. ఆ గోడ ఇంటాయన మాట ఎటు పడితే అటు తేలుతుంది. "ఆదివారం వాళ్లింటి దగ్గర కాలనీవాళ్లు కూర్చుంటున్నారు. మీరొచ్చి ఒక మాట అనేస్తే పోతుందండీ. ఒక చిన్న సారీ. మీ సెక్షన్ నిలబడుతుంది."

సారీ చెప్పకూడదని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. తప్పు చేయనిదానికి సారీ ఎందుకు? ఇంటికొచ్చి రాత్రంతా ఏమని జవాబు చెప్పాలో మనసులో దిద్దుకున్నాను. ఆవిడ చీపురుతో రుద్దింది నా సుద్దను కాదు, నా పాఠాన్ని అని ఒక వాక్యం కూడా తయారుచేసుకున్నాను. అది వాడే అవకాశం రాలేదు.

ఆదివారం వాళ్ల ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మెయిన్ రోడ్డు ఇళ్లవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. మా ప్రిన్సిపాల్ గారికి సోఫాలో చోటిచ్చారు. నాకు గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర ఒక కుర్చీ. నేను అందులో కూర్చున్నాను, కానీ చెప్పుల్ని కాలితో బయటికి జరిపాను. ఇంటావిడ చాయ్ తెచ్చింది. ఈసారి చీపురు లేదు, నవ్వుతోంది. "ఆ రోజు జర కోపంల ఉంటిని, ఏం అనుకోకు అక్కా" అంది. నన్ను అక్క అంది. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్దది.

సారీ సంగతి ఎవరూ ఎత్తలేదు. యజమాని కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"మేడం, మీరు రాళ్ల మీద పెద్ద చదువు చదివిండ్రు. మాకొక్క సాయం చేయాలె."

"చెప్పండి."

"మేం మంత్రిగారి తాన పోతున్నం. ఊరికె పోతె ఇనరు. గీ భూమి మంచిగ లేదు, కింద రాయంత పగుళ్లు, పిల్లర్లు వేస్తే కుంగుతది, ఇండ్లు బీటలు పడ్తయి, అని చదువుకున్నోళ్లు ఒకరు చెప్పాలె. మీరు చెప్తే బలముంటది. కాలేజీ పేరు గూడ ఉంటది."

వెనకనుంచి ఒకాయన, "అగ్నిపర్వతం రాయి అని చెప్పున్రి మేడం, భయపడతరు" అన్నాడు.

"అగ్నిపర్వతం కాదు. ఇది లోపలే చల్లారిన రాయి."

"ఏదో ఒకటి. వేడి రాయే గద."

"వేడి పోయి రెండు వందల కోట్ల ఏళ్ల పైన అయింది."

నవ్వారు. యజమాని కూడా నవ్వి, గొంతు తగ్గించి, "మీ సెక్షన్ సంగతి నాకిడిసిపెట్టున్రి. కమిటీల నేను మాట్లాడుత. ఆ ల్యాబ్ గూడ వాపస్ ఇప్పిస్త" అన్నాడు. ఆయన ల్యాబు మాట ఎత్తినప్పుడు నా ఒళ్లు వేడెక్కింది. నా ల్యాబు పోయిన సంగతి ఆయనకు తెలుసన్నమాట. తెలిసి ఇన్నాళ్లూ ఊరుకున్నాడన్నమాట.

ఒక్క మాట అంటే చాలు. ప్రిన్సిపాల్ గారు సోఫాలోంచి నన్నే చూస్తున్నాడు, తల కొద్దిగా ఊపుతున్నాడు. కావాలంటే చెప్పడానికి సందు కూడా ఉంది. గ్రానైటులో పగుళ్లు ఉండవా? ఉంటాయి. పైన కొంత లోతు దాకా రాయి చివికి మొరం అవదా? అవుతుంది. ఆ రెండు మాటలే చెప్పి, మూడోది మింగేస్తే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన పాఠంలో సగం మాత్రమే.

నేను మొత్తం చెప్పాను. పైన కొన్ని అడుగులు మొరం ఉంటుంది, అది దాటితే బండ. పగుళ్లున్నా బండ బండే. గింజలన్నీ ఒకదాంట్లో ఒకటి బిగుసుకున్న రాయి, స్తంభాల పునాదికి ఇంతకంటే మంచి నేల ఈ చుట్టుపక్కల దొరకదు. ఇంజినీర్లు తవ్వి చూసినా ఇదే చెబుతారు. "మీకు ఇండ్లు పోతయని భయముంటే ఆ మాటే చెప్పుకోండి. అది న్యాయమైన మాట. నెపం రాయి మీద పెట్టకండి. రాయి మంచిది" అన్నాను.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇంటావిడ, "చాయ్ గూడ తాగింది చూడు" అంది. మేడ మీదినుంచి అరిచినాయన, "నేను ఆ రోజే చెప్పిన, ఈమె మెట్రో వాళ్ల మనిషే అని" అన్నాడు. యజమాని లేచి, కుర్చీని ముందున్న చోటికి జరిపేశాడు.

బయట కారు దగ్గర ప్రిన్సిపాల్ గారు అన్న మాట ఇది: "మిమ్మల్ని సారీ చెప్పమని తీసుకొచ్చానండీ. పాఠం చెప్పమని కాదు." ఆయన నన్ను కారెక్కమనలేదు. నేను నడిచి అశోక్ నగర్ వచ్చాను, దూరమేమీ లేదు.

మరుసటి ఏడాది ప్రాస్పెక్టస్‌లో జియాలజీ లేదు. ఉన్న పిల్లలు పూర్తయ్యేదాకా నడిపి ఆపేశారు. నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే నేను కోర్టుకు పోతానని వాళ్లకు తెలుసు. అన్ని గ్రూపులకూ ఉండే పర్యావరణం పేపరు ఇచ్చారు. వంద మంది ఒకే గదిలో కూర్చొని, మార్కులు కలపరు కాబట్టి ఫోన్లు చూసుకునే పేపరు. చెత్తను వేరుచేయడం, చెట్లు నాటడం. అదీ ముఖ్యమైనదే, కాదనను. కానీ అది నేను చదువుకున్నది కాదు. నా బీరువాల్లో ఒకదాన్ని స్పోర్ట్స్ వాళ్లు తీసుకున్నారు. రాళ్లు కవాడిగూడ వైపు ఎవరో గుంతలో పోసుకున్నారని అటెండరు చెప్పాడు. వెతకడానికి నేను పోలేదు. పోయి ఉంటే దొరికేవేమో, అయినా గ్రానైటు మీద గ్రానైటును గుర్తుపట్టడం కష్టమే.

లెన్సు పట్టుకున్న ఆ అమ్మాయి డిగ్రీ అయ్యాక మా వీధిలోనే హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివింది. ఒక సాయంత్రం టీ బండి దగ్గర కనిపించి, "మేడం, శిలల మీద ఒకటే బిట్టు వస్తది. దానికి మీ క్లాసు చాలు, నేను మళ్లీ చదవనే లేదు" అంది. అది నన్ను మెచ్చుకున్నట్టే. ఆ రాత్రి అన్నం తింటూ నేను ఆ ఒకటే బిట్టు గురించి ఆలోచించాను.

2014లో మెట్రో కోసం మట్టి పరీక్షకని చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్కన డ్రిల్లింగు మిషను పెట్టారు. కాలేజీకి పోతుంటే కనిపించింది. నేలలోంచి తీసిన రాతి గొట్టాల ముక్కల్ని చెక్క పెట్టెలో వరసగా పేర్చి ఉంచారు. ముందు కొంత మొరం, పొడి పొడిగా. తరువాత రాయి. తడిగా ఉండటం వల్ల ఫెల్‌స్పార్ గులాబీ రంగు బాగా తేలింది. ముక్కలు పొడుగ్గా, విరగకుండా వచ్చాయి. మంచి రాయికి అది గుర్తు. వంగి చూస్తున్నాను.

ఆ ఇంటి యజమాని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన గోడ చెక్కుచెదరలేదు. వాళ్ల వైపు ఇళ్లకేమీ కాలేదు, స్టేషను కాస్త అవతల వస్తుందట. ముందుగది దుకాణానికి కిరాయికిచ్చాడు.

"మంచి రాయి ఉందట మేడం కింద. ఇంజినీర్లు చెప్పిండ్రు. పిల్లర్లకు ఢోకా లేదట, మన ఇండ్లకు ఢోకా లేదట."

"ఈ మాట నేను మీ ఇంట్ల కూసొని చెప్పిన."

"ఎప్పుడు?"

"2010ల. ఆదివారం. మీ ముందుగదిల."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నటించలేదు, అది నేను చూశాను. "మీరు వచ్చిండ్రు, యాదికున్నది. సారీ చెప్పి పోయిండ్రు గద" అన్నాడు.

"నేను సారీ చెప్పలేదు."

"చెప్పే ఉంటరు మేడం. ప్రిన్సిపాల్ సాబ్ తీసుకొచ్చిండు గద అందుకే."

"చెప్పలేదు" అన్నాను.

ఆయన సరే సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. మిషను మళ్లీ మొదలైంది, ఏమన్నా వినపడలేదు. నేను అక్కడే నిలబడ్డాను. అది ఆగేదాకా ఆగి, ఆయన లోపలికి పోకముందే మళ్లీ చెప్పాను, చెప్పలేదని.